అలిసిపోయాకే బయటపడ్డ తప్పు: దూరపు సైకిల్ రైడ్లలో ఒక సీటు పుండు కేసు

ఈ కేసులో నేను రెండుసార్లు తప్పు దారి పట్టాను. రెండుసార్లూ నా దగ్గర కొలతలు ఉన్నాయి, వాటికి తగిన కారణాలూ ఉన్నాయి. అయినా పుండు మళ్లీ మళ్లీ వచ్చింది. ఇదే పని చేసేవాళ్లకు, దూరాలు తొక్కేవాళ్లకు ఉపయోగపడుతుందని దీన్ని వివరంగా రాస్తున్నాను. నేను ఫిజియోథెరపిస్టుని. సైకిల్‌ను మనిషికి తగ్గట్టు అమర్చే బైక్ ఫిట్టింగ్ పని కూడా చేస్తాను. కేసు ఆ రైడర్ అనుమతితోనే రాస్తున్నాను. ఆయన్ని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను, కొన్ని వదిలేశాను.

మనిషి, ఆయన పెట్టుకున్న లక్ష్యం

వయసు నలభై దాటింది. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. ఆరేళ్లుగా సైకిల్ తొక్కుతున్నారు. బ్రెవేలంటే, అంటే గడువు పెట్టి నడిపే దూరపు సైకిల్ రైడ్లంటే ఇష్టం. పోటీ కాదు గానీ, ఇచ్చిన గడువులోపు దూరం పూర్తి చెయ్యాలి. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40 గంటలు. ఈ నాలుగూ ఒకే సీజన్‌లో పూర్తి చేసినవాళ్లను సూపర్ రాండనర్ అంటారు. ఆయన లక్ష్యం అదే.

200లు చాలా తొక్కారు. 300 ఒకటి కష్టపడి ముగించారు. 400లో 310 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయారు. కాళ్లలో సత్తువ ఉంది, తిండి సరిగానే తిన్నారు, నిద్ర కూడా ఆపుకోగలిగారు. కానీ సీటు మీద కూర్చోలేకపోయారు. చివరి 40 కిలోమీటర్లు సగం నిలబడే తొక్కానని చెప్పారు.

నా దగ్గరికి వచ్చేసరికి మూడు వారాలైంది. ఆ మూడు వారాలూ ఎందుకు ఆగారని అడిగితే, సిగ్గనిపించిందన్నారు. "అందరూ అలవాటైతే పోతుందన్నారు సార్, నాకే ఓర్పు తక్కువేమో అనుకున్నాను." ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. అందుకే ఆయనకు ఫ్రెంచ్ సైకిల్ రేసర్ లారాన్ ఫిన్యోన్ సంగతి చెప్పాను. 1989 టూర్ ద ఫ్రాన్స్ చివరి రోజుకి ఫిన్యోన్ 50 సెకన్ల ఆధిక్యంలో ఉన్నాడు. అప్పటికే సీటు పుండుతో సరిగా కూర్చోలేని స్థితి. ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే చివరి 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్ తర్వాత మొత్తం టూర్‌ను 8 సెకన్ల తేడాతో పోగొట్టుకున్నాడు. అంతకుముందే రెండుసార్లు ఆ టూర్ గెలిచిన మనిషి అతను. పుండుకీ ఓర్పుకీ సంబంధం లేదు.

అలవాటు అనే మాటలో కొంత నిజం ఉంది, ఎంతవరకో తెలియాలి. కూర్చునే ఎముకల కింద మొద్దుగా వచ్చే నొప్పి కొత్త రైడర్లకు కొన్ని వారాల్లో తగ్గుతుంది. చర్మం ఒరుసుకుని చిట్లడం మాత్రం అలవాటుతో పోదు. అరచేతిలో కాయ కాసినట్టు అక్కడ చర్మం గట్టిపడి మనల్ని కాపాడుతుందని ఎదురుచూస్తే, గట్టిపడేది చర్మం కింద కండ. అప్పుడది ముద్దలా తయారై ఇంకా పెద్ద సమస్య అవుతుంది.

ఎక్కడ నొప్పి, ఏ రకం నొప్పి

"సీటు నొప్పి" అని ఆయన ఒక్క మాటలో చెప్పారు. అడిగితే అందులో మూడు వేరు వేరు బాధలు బయటపడ్డాయి.

ఒకటి, రెండు పిరుదుల కింద, కూర్చునే ఎముకల దగ్గర కమిలినట్టుండే నొప్పి. రెండు, అప్పుడప్పుడు ముందు భాగంలో తిమ్మిరి. దిగి నడిస్తే రెండు మూడు నిమిషాల్లో పోతుంది. మూడు, అసలు ఆయన్ని 400లో దించేసినది: కుడివైపు, తొడ పిరుదును కలిసే మడతలో పచ్చిగా ఒలిచినట్టున్న చర్మం, దాని పక్కనే బఠాణీ గింజంత గడ్డ. ఎడమవైపు అదే చోట చర్మం శుభ్రంగా ఉంది.

ఇలా విడదీయడం ముఖ్యం, ఎందుకంటే మూడింటికీ కారణాలు వేరు. ఎముక కింద నొప్పి ఒత్తిడి వల్ల. తిమ్మిరి మధ్య భాగంలో నరాలు, రక్తనాళాలు నలగడం వల్ల. పచ్చి చర్మం ఒరిపిడి వల్ల, దానికి చెమట తోడవడం వల్ల. ఒకదానికి చేసిన మందు ఇంకోదాన్ని పెంచొచ్చు. ఆయన విషయంలో సరిగ్గా అదే జరిగింది.

జ్వరం లేదు, చీము లేదు, ఎరుపు పాకడం లేదు. అయినా సైకిల్ ముట్టుకోకముందే ఆయన్ని చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికి పంపాను. ఈ రైడర్ రెండు నెలలుగా ఎవరో చెప్పిన స్టెరాయిడ్ కలిసిన క్రీము పూసుకుంటున్నారు. అది మంటను తగ్గించింది కాబట్టి మంచిదే అనుకున్నారు. కానీ స్టెరాయిడ్ రోజుల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఫంగస్ ఉంటే కప్పిపుచ్చుతుంది. డాక్టర్ దాన్ని ఆపించారు. గడ్డను గిల్లొద్దని, గోరువెచ్చని కాపడం పెట్టమని, చర్మం పూర్తిగా మూసుకునేవరకు సీటెక్కొద్దని చెప్పారు. పన్నెండు రోజులు పట్టింది.

ఆ పన్నెండు రోజులు నేనూ ఏమీ మార్చలేదు. పచ్చి చర్మంతో ఏ సీటు మీద కూర్చున్నా నొప్పే. ఆ స్థితిలో చేసిన పరీక్ష ఏది పనిచేసిందో, ఏది చెయ్యలేదో చెప్పదు.

నా దగ్గరికి వచ్చేలోపు ఆయన చేసినవి

ముందు జెల్ కవర్ వేశారు. తర్వాత వెడల్పాటి మెత్తని సీటు కొన్నారు. మెత్తదనం మొదటి గంట హాయిగానే ఉంటుంది. తర్వాత కూర్చునే ఎముకలు అందులోకి దిగబడతాయి. దిగబడిన కొద్దీ మధ్యలో ఉన్న మెత్తని పదార్థం పైకి వచ్చి, బరువు మోయకూడని భాగాన్ని నొక్కుతుంది. ఆయనకు తిమ్మిరి మొదలైంది ఆ సీటు పెట్టాకే.

తిమ్మిరి పోవాలని సీటు ముక్కును కిందికి వంచారు. నేను కొలిస్తే దాదాపు 5 డిగ్రీలు ఉంది. అంత వాలులో శరీరం ముందుకు జారుతుంది. జారకుండా చేతులతో వెనక్కి నెట్టుకుంటూ ఉండాలి. అందువల్ల చేతివేళ్లు మొద్దుబారాయి. జారడం, వెనక్కి జరగడం, మళ్లీ జారడం. ఒరిపిడికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆ తర్వాత అన్నిటికన్నా మందమైన ప్యాడ్ ఉన్న బిబ్ షార్ట్స్ (భుజాల పట్టీలున్న సైకిల్ నిక్కరు) కొన్నారు. దాని సంగతి తర్వాత చెబుతాను.

మొదటి ప్రయత్నం: సీటు

ముడతల అట్ట మీద కూర్చోబెట్టి, పడిన గుంటల మధ్య దూరం కొలిచాను: 118 మిల్లీమీటర్లు. ఆయన కూర్చునే భంగిమ మరీ వంగినది కాదు. ఇలాంటప్పుడు ఎముకల మధ్య దూరానికి 20 నుంచి 30 మిల్లీమీటర్లు కలిపి సీటు వెడల్పు చూస్తాను. 145 మిల్లీమీటర్ల, గట్టి, మధ్యలో పల్లం ఉన్న సీటు ఎంచుకున్నాం. ముక్కు వాలును 5 డిగ్రీల నుంచి 1 డిగ్రీకి తెచ్చాను.

ఎత్తు మాత్రం మార్చలేదు. పెడల్ చేతుల (క్రాంకుల) ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ మధ్య నుంచి సీటు పైభాగం వరకు పాత కొలత ఎంతుందో, కొత్త సీటునూ మిల్లీమీటరు తేడా లేకుండా అక్కడే పెట్టాను. నా ఆలోచన ఇది: మోకాళ్లలో నొప్పి లేదు. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలి వంపు 26 డిగ్రీలు, మామూలుగా సరిపోతుందనుకునే 25–35 డిగ్రీల హద్దులోనే ఉంది. ఒకేసారి అన్నీ మారిస్తే దేనివల్ల మేలు జరిగిందో తెలియదు. ఈ సూత్రాన్ని ఇప్పటికీ నమ్ముతాను. కానీ దాన్ని అమలుచేసిన కొలతలో లోపం ఉంది. అది అప్పుడు నాకు కనబడలేదు.

ఫలితం సగం బాగుంది. ఎముకల నొప్పి పోయింది. తిమ్మిరి పోయింది. చేతులు తేలికపడ్డాయి. కానీ కుడివైపు మంట మళ్లీ వచ్చింది. పైగా ముందు 180 కిలోమీటర్ల దగ్గర మొదలయ్యేది ఇప్పుడు 140 దగ్గరే మొదలైంది.

ఇక్కడ నేను ఆగి ఆలోచించాల్సింది. రెండు బాధలు తగ్గి మూడోది ముందుకు జరిగిందంటే, నేను చేసిన మార్పే దాన్ని ముందుకు జరిపి ఉండాలి. ఆ ప్రశ్న వేసుకోకుండా, మూడోదానికి వేరే కారణం వెతకడం మొదలుపెట్టాను.

రెండో ప్రయత్నం: క్లీట్ కింద పలక

పుండు ఒక్క వైపే ఉంటే కాళ్ల పొడవులో తేడా ఉందేమో అనుకోవడం మా వృత్తిలో సహజం. బల్ల మీద పడుకోబెట్టి, కటి ఎముక ముందు మొన నుంచి లోపలి చీలమండ వరకు టేపుతో కొలిచాను. కుడికాలు 4 మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. కుడివైపు కాలు పొట్టి, కుడివైపే పుండు. లెక్క కుదిరిందనిపించింది. కుడి బూటును పెడల్‌కి పట్టించే క్లీట్ కింద 3 మిల్లీమీటర్ల పలక వేశాను.

రెండు వారాల్లో కుడి మోకాలి ముందు భాగంలో నొప్పి మొదలైంది. చర్మం మంట మాత్రం అక్కడే ఉంది, అదే దూరంలో.

టేపు కొలతలో కొన్ని మిల్లీమీటర్ల తేడా రావడం చాలా మామూలు. ఎముక మొన మీద వేలు కొద్దిగా జరిగినా చాలు. రెండో రోజు మళ్లీ మూడుసార్లు కొలిస్తే ఒకసారి 4, ఒకసారి 1, ఒకసారి రెండు కాళ్లూ సమానం. ఈ పని పలక వేసే ముందే చెయ్యాల్సింది. చిన్న తేడాలు చాలామందికి ఉంటాయి, ఏ పలకా లేకుండానే జీవితమంతా తొక్కుతారు. నాకు కావలసిన జవాబు చేతికి దొరికింది కాబట్టి దాన్ని రెండోసారి పరీక్షించలేదు. పలక తీసేశాను. వారంలో మోకాలు సర్దుకుంది.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ రోజు వెళ్లేటప్పుడు, "300 దాకా తొక్కి ఆపేస్తే సరిపోతుందేమో సార్" అన్నారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. శరీరం మోయగలిగిన కలను, నేను వెతకలేకపోయిన కారణం వల్ల ఆయన వదులుకోబోతున్నారు.

150 కిలోమీటర్ల తర్వాత

ఆ రాత్రి ఆయన రైడ్ల రికార్డులన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఎక్కడ నొప్పి అనేది కాదు, ఎప్పుడు మొదలైంది అనేదే చూశాను. ఒక పోలిక కనబడింది. మంట మొదలైన ప్రతిసారీ, దానికి అరగంటో గంటో ముందు ఆయన వేగం తగ్గింది. నేననుకున్నది నొప్పి వల్ల నెమ్మదించారని. రికార్డు చూస్తే ముందు నెమ్మదించారు, తర్వాత నొప్పి.

దీనికి అర్థం ఉంది. గట్టిగా తొక్కుతున్నప్పుడు ప్రతి తొక్కుడూ మన బరువులో కొంత కాళ్ల మీదికి తీసుకుంటుంది, సీటు మీద భారం తగ్గుతుంది. అలసి, పెడల్ మీద బలం తగ్గేకొద్దీ ఆ బరువంతా సీటు మీదికి దిగుతుంది. అంతేకాదు, అలిసిన తొడ వెనుక కండరాలు, పిరుదుల కండరాలు కటిని నిలకడగా పట్టి ఉంచలేవు. ఉదయం అరగంట పాటు నా ముందు తొక్కిన మనిషి వేరు, ఏడో గంటలో ఉన్న మనిషి వేరు. నేను ఇన్నాళ్లూ పుండు రాని మనిషిని పరీక్షించాను.

ఆయనకు ఫోన్ చేసి ఒక కోరిక కోరాను. "150 కిలోమీటర్లు మీ మామూలు వేగంతో తొక్కి, ఇంటికి వెళ్లకుండా, స్నానం చెయ్యకుండా, అవే బట్టలతో నేరుగా నా దగ్గరికి రండి." చెమటతో రావడానికి మొహమాటపడ్డారు. అదే నాకు కావాలని చెప్పాను.

సైకిల్‌ను ఉన్నచోటే తొక్కడానికి వాడే ట్రైనర్ స్టాండ్‌కి బిగించాం. నడుము కింద రెండు సొట్టల దగ్గర రంగు టేపు ముక్కలు అంటించి, వెనుక నుంచి ఫోన్‌తో వీడియో తీశాను. ఐదో నిమిషానికే కనబడింది. ప్రతి తొక్కుడుకీ కుడి టేపు ముక్క కిందికి దిగుతోంది. కటి కుడివైపు వాలుతోంది. ఎడమ పాదం అడుగుకి వెళ్లినప్పుడు అందక, కాలివేళ్లు కిందికి చాపి అందుకుంటోంది. మొదటి ఫిట్టింగ్ రోజు వీడియో పక్కన పెట్టి చూశాం. అదే సైకిల్, అదే ఎత్తు. కానీ ఆ రోజు కటి నిలకడగా ఉంది, పాదాలు రెండూ ఒకేలా ఉన్నాయి.

సీటు మరీ ఎత్తుగా ఉంటే రెండు కాళ్లూ అడుగు దాకా అందవు. అప్పుడు చాలామంది శరీరం ఒక కాలికి సౌకర్యం చేస్తుంది, ఎక్కువగా బలమైన కాలికి. కటి ఆ వైపు వాలి ఆ కాలికి అందేలా చేస్తుంది. అలా వాలిన వైపు తొడ మడత సీటు అంచుకి ఒత్తుకుని ఒరుసుకుంటుంది. నిమిషానికి 80 తొక్కుళ్లనుకుంటే, గంటకు 4,800 సార్లు.

అయితే ప్రశ్న ఇంకోటి ఉంది. ఎత్తు నేను మార్చలేదు కదా, మరి 180లో రావాల్సింది 140కి ఎందుకు వచ్చింది?

ఆయన పాత మెత్తని సీటు తెప్పించాను. దాన్ని అదే ఎత్తుకు బిగించి ఆయన్ని కూర్చోబెట్టి, తుంటి బయటి ఎముక నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచాను. తర్వాత కొత్త సీటుతో అదే కొలత. కొత్త సీటు మీద ఆయన తుంటి 8 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తులో ఉంది. ఖాళీ సీట్లు రెండూ ఒకే ఎత్తు. కానీ మెత్తనిది మనిషి కూర్చోగానే కుంగుతుంది, గట్టిది కుంగదు. నేను కొలిచింది ఎవరూ కూర్చోని సీటును. సీటు ఎత్తు మార్చలేదని నమ్ముతూనే దాన్ని 8 మిల్లీమీటర్లు పెంచాను.

పాత సీటుతోనూ ఎత్తు కొంచెం ఎక్కువే. అందుకే 180లో బాధ ఉండేది. నా మార్పు దాన్ని 40 కిలోమీటర్లు ముందుకు తెచ్చింది.

దించడం

ఒకేసారి దించలేదు. వారానికి 4 మిల్లీమీటర్ల చొప్పున మూడు వారాలు, మొత్తం 12. మోకాలు, తొడ కండరాలు ఏళ్ల తరబడి ఒక ఎత్తుకు అలవాటుపడి ఉంటాయి. ఒక్కరోజులో పెద్ద మార్పు చేస్తే మోకాలి ముందు నొప్పి వచ్చే అవకాశం ఉంది. ఆ మోకాలిని నేను అప్పటికే ఒకసారి ఇబ్బంది పెట్టాను.

ఇంకో చిన్న సంగతి, చాలామంది మరిచిపోతారు. సీటు గొట్టం వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి, దించినప్పుడు సీటు కిందికే కాదు, కొద్దిగా ముందుకు కూడా వస్తుంది. 73 డిగ్రీల వాలున్న ఫ్రేమ్‌లో 12 మిల్లీమీటర్లు దించితే దాదాపు మూడున్నర మిల్లీమీటర్లు ముందుకు. కాబట్టి సీటు కింది పట్టాల మీద దాన్ని అంతే వెనక్కి జరిపాను. చివరికి మోకాలి వంపు 32 డిగ్రీల దగ్గర నిలిచింది.

ప్రతి మార్పు తర్వాత ఒకే పరీక్ష. దూరం తొక్కి రావడం, అలిసిన ఒంటితో మడమను పెడల్ మీద పెట్టి వెనక్కి తొక్కడం. కాలు నిటారుగా చాచినప్పుడు మడమ పెడల్‌ను తాకాలి, దానికోసం నడుము పక్కకి వాలకూడదు. మొదటి వారం ఎడమ మడమ అందలేదు. రెండో వారం అందీ అందనట్టుంది. మూడో వారం రెండూ సమానంగా అందాయి, టేపు ముక్కలు ఒకే గీత మీద నిలిచాయి.

దీనితోపాటు వెల్లకిలా పడుకుని ఒంటికాలి మీద నడుము ఎత్తే వంతెన వ్యాయామం, నడుము వంచకుండా తుంటి దగ్గర వంగి లేచే వ్యాయామం వారానికి మూడు రోజులు చేయించాను. వీటి పాలు ఎంతో విడిగా చెప్పే వీలు ఈ కేసులో లేదు. ఎత్తు తగ్గించిన రోజుల్లోనే ఇవీ మొదలయ్యాయి.

చర్మం, బట్ట, చెమట

సీటు సరిచేశాక బట్టల దగ్గరికి వచ్చాం. ఆ మందమైన ప్యాడ్‌ను వాడిన తర్వాత తిప్పి చూస్తే, కుడివైపు మడత దగ్గర నలిగి గీతలా గట్టిపడి ఉంది. మందం ఎక్కువైతే తొడ కదిలినప్పుడల్లా అది ముడతపడుతుంది, చెమటనూ ఎక్కువ పట్టి ఉంచుతుంది. ప్యాడ్‌లో చూడాల్సింది మందం కాదు, నొక్కితే వేలు అడుగుకి తగలని దట్టమైన ఫోమ్, శరీరానికి అంటిపెట్టుకుని ఉండటం, ఒరుసుకునే చోట కుట్టు లేకపోవడం. ఆయన పక్కన పడేసిన పాత షార్ట్స్‌లోనే అలాంటి పలచని ప్యాడ్ ఉంది. అదే తొడగమన్నాను. ప్యాడ్ మారినా కూర్చునే ఎత్తు ఒకటి రెండు మిల్లీమీటర్లు మారుతుంది కాబట్టి, చివరి కొలతలన్నీ ఆ షార్ట్స్‌తోనే తీశాను.

లోపల వేరే లోదుస్తులు వేసుకోరని ముందే అడిగి తెలుసుకున్నాను. మీరూ మీ రైడర్లను అడగండి. చాలామంది మొహమాటం కొద్దీ చెప్పరు. ఆ కుట్లు సరిగ్గా మడతలోనే పడతాయి.

ఒరిపిడి తగ్గించే క్రీము ఉదయం ఒకసారి రాసి రోజంతా ఉంటుందనుకునేవారు. నాలుగైదు గంటలకు చెమటతో కొట్టుకుపోతుంది. పాతదాని మీదే మళ్లీ రాస్తే చెమట, మురికి లోపలే ఉండిపోతాయి. తడిబట్టతో తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు రాయాలి. ఆ భాగంలో గొరగడం మాన్పించాను. మొలిచే వెంట్రుక లోపలికి తిరిగి కురుపుకి దారి తీస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ గొడవపడింది నిలబడే విషయంలో. నొప్పి వచ్చినప్పుడు నిలబడటం ఆయన అలవాటు. అప్పటికి ఆలస్యమైపోయి ఉంటుంది. ఒత్తుకున్న చోటికి రక్తం మళ్లీ రావాలంటే, హాయిగా ఉన్నప్పుడే లేవాలి. వాచీలో పది నిమిషాలకొకసారి మోగేలా పెట్టించాను. మోగగానే ఒక గేరు బరువు పెంచి 20 నుంచి 30 సెకన్లు నిలబడి తొక్కడం. మొదటి రైడ్‌లో విసుక్కున్నారు, తోటివాళ్ల లయ తప్పుతోందన్నారు. 200 దాటాక విసుగు మానేశారు.

టైర్లు 25 మిల్లీమీటర్ల నుంచి 28కి మార్చి, ఆయన బరువుకి తగ్గట్టు గాలి 100 పీఎస్‌ఐ నుంచి 75కి తగ్గించాం. గతుకుల అదురు కొంత టైరే మింగుతుంది.

రైడ్లు ఎలా సాగాయి

300లో మంట లేదు. 400లో చివర్లో రెండువైపులా సమానంగా కొద్దిపాటి ఎరుపు వచ్చింది, మర్నాటికి తగ్గింది. ఆ సమానత్వం చూసి నేను సంతోషించాను. ఒక్కవైపు వస్తే అది అమరికలో తప్పు. రెండువైపులా కొద్దిగా వస్తే అది ఇరవైకి పైగా గంటలు కూర్చున్నందుకు.

600లో సగం దాటాక నిద్రకి ఆగినప్పుడు, తడి షార్ట్స్ విప్పి, కడుక్కుని, ఒళ్లు ఆరనిచ్చి, వదులు బట్టల్లో పడుకుని, లేచాక ఉతికిన జత వేసుకోవాలని ముందే రాసిచ్చాను. పాటించారు. 540 దగ్గర కొంచెం చురుక్కుమంది. ఆగి తుడుచుకుని క్రీము రాశారు, వాచీ మోత ఐదు నిమిషాలకు మార్చుకున్నారు. గడువు ఇంకా ఉండగానే ముగించారు. ఆ రాత్రి నాకు పంపిన సందేశం ఒక్క వాక్యం: "కుర్చీలో కూర్చుని భోంచేస్తున్నాను సార్."

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

ఒక్కవైపు పుండుతో వచ్చినవాళ్లను ఇప్పుడు తాజాగా ఉన్నప్పుడు ఒకసారి, బాగా తొక్కి అలిసిన తర్వాత ఒకసారి చూస్తాను. అలిసిన వీడియో లేకుండా ఏ పలకా వెయ్యను. రైడర్ ఒంటరిగా ఉన్నా ఇది చేసుకోవచ్చు. దూరం తొక్కి వచ్చాక ఫోన్‌ను వెనుక నిలబెట్టి ఐదు నిమిషాలు తీస్తే చాలు.

సీటు మార్చినప్పుడు ఖాళీ సీటు ఎత్తుతో సరిపెట్టను. మనిషిని కూర్చోబెట్టి తుంటి ఎత్తు పోలుస్తాను. ఈ ఒక్క పని ముందే చేసి ఉంటే ఆయనకు రెండు నెలలు మిగిలేవి.

ఇక్కడి అంకెలు ఆయనవి. 145 మిల్లీమీటర్ల సీటు, 12 మిల్లీమీటర్ల దింపుడు ఇంకొకరికి పనికిరావు. ముఖ్యంగా మహిళల విషయంలో ఒత్తిడి పడే చోటు తరచు ముందు భాగంలోని మెత్తని కండ. అక్కడ వాపు వస్తే సీటు ఆకారం, పల్లం వెడల్పు, హ్యాండిల్ ఎత్తు ముందు చూడాలి. ఆలోచించే క్రమం ఒకటే కావచ్చు, జవాబు వేరు.

కొన్నిటికి నా దగ్గరికి రావద్దు, నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. జ్వరం, పాకుతున్న ఎరుపు, చీము, రైడ్ అయిపోయి గంటలు గడిచినా పోని తిమ్మిరి, మూత్రంలో లేదా లైంగిక స్పందనలో మార్పు, వారాలు గడిచినా కరగని గట్టి ముద్ద. వీటి మీద సీటు మార్చి చూద్దామని ఒక్క రైడ్ కూడా తొక్కకూడదు.

ఏడు నెలల తర్వాత ఆయన మళ్లీ వచ్చారు, పుండుతో కాదు. కొత్త బూట్లు కొన్నారు, వాటి అడుగు పాతవాటికన్నా పలచన. అడుగు పలచనైతే పెడల్ అంత దూరమైనట్టే, సీటు అంత ఎత్తు పెరిగినట్టే. కొనగానే దూరం తొక్కి, అలిసిన ఒంటితో మడమ పరీక్ష తనే చేసుకున్నారు. ఎడమ మడమ అందలేదట. 3 మిల్లీమీటర్లు దించుకుని, సరిపోయిందో లేదో చూడమని వచ్చారు. సరిపోయింది.